క్షమాపణ చివరి పాఠం: కేసులో పడిన పిల్లలకు నష్టం సరిదిద్దడం ఎలా నేర్పాలి

పదహారేళ్ల కుర్రవాడిని “సారీ చెప్పు” అంటే వెంటనే చెప్పేస్తాడు. చేతులు కట్టుకోవడం, తల దించుకోవడం, గొంతు తగ్గించడం అన్నీ బడిలో బెత్తం నేర్పిన విద్యలే. ఆ మాట ఎంత తేలికగా వస్తే అంత అనుమానించండి. ఎవరికి ఏ నష్టం చేశాడో తన నోటితో చెప్పలేనివాడి క్షమాపణ వల్ల నష్టపోయిన మనిషికి ఒరిగేదేమీ లేదు. అది చెప్పగలిగినవాడు సారీ అనకపోయినా సగం పని అయినట్లే.

తప్పు చేసినవాడు తను చేసిన నష్టాన్ని గుర్తించి, నష్టపోయినవాళ్లకు దాన్ని సరిదిద్దేలా చూసే పద్ధతిని పునరుద్ధరణ న్యాయం అంటారు. ఇందులో పిల్లలకు నేర్పవలసినవి ముఖ్యంగా ఐదు: మనసులో ఉన్నదానికి పేరు పెట్టడం, చేసిన పనిని దాచకుండా చెప్పడం, దాని దెబ్బ ఎవరిదాకా పోయిందో చూడటం, ఎదుటివాళ్ల మాట చివరిదాకా వినడం, సరిదిద్దే పని ఒకటి ఒప్పుకుని పూర్తి చేయడం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కేసులో పడిన పిల్లలను కనిపెట్టి చూసే ప్రొబేషన్ అధికారులతో కలిసి పనిచేసే కౌన్సెలర్లు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, వారానికి ఒకరోజు అలాంటి పిల్లలను ఉంచే హోముకు వెళ్లి పాఠం చెప్పే టీచర్లు దీన్ని ఎలా మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాను.

ముందు బోర్డుతో మాట్లాడండి

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో ఈ పద్ధతికంటూ విడిగా సెక్షన్ లేదు. కానీ పిల్లల కేసులు విచారించే జువెనైల్ జస్టిస్ బోర్డు 18వ సెక్షన్ కింద ఇవ్వగల ఆదేశాల్లో సామూహిక కౌన్సెలింగ్ ఉంది, సమాజ సేవ ఉంది, మూడేళ్ల వరకు సత్ప్రవర్తన మీద తల్లిదండ్రులకు అప్పగించడం ఉంది. మీ పాఠాలకు చోటు అక్కడ దొరుకుతుంది. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ అయి ఉండాలి. ముందు ఆ సామాజిక కార్యకర్తలను కలవండి. మీరు చేయదలచుకున్నది ఒక్క పేజీలో రాసి ఇవ్వండి.

ఒక హద్దు మాత్రం దాటకండి. విచారణ నడుస్తున్న పిల్లవాడి చేత అతని కేసు గురించి గుంపులో చెప్పించకండి. చట్టం దృష్టిలో అతను అప్పటికి నిర్దోషి. మీ ముందు అన్న మాట రేపు ఎక్కడికి పోతుందో మీరు హామీ ఇవ్వలేరు. విచారణ ముగిసేదాకా కల్పించిన కథలతోనే నేర్పండి. సొంత కేసు జోలికి బోర్డు ఆదేశం వచ్చాకే వెళ్లాలి, అదీ పిల్లవాడు చేసినట్లు ఒప్పుకుని, తానుగా ఇష్టపడితేనే. మొదటిసారి బోర్డు ముందు హాజరుపరిచిన నాటి నుంచి 4 నెలల్లో విచారణ ముగించాలని చట్టం చెబుతోంది, అవసరమైతే మరో 2 నెలలు పొడిగిస్తారు. ఆ నెలలు నైపుణ్యాలు నేర్పడానికి బోలెడు.

ఇంకో మాట కూడా మొదటిరోజే చెప్పేయండి: “ఇక్కడికి వచ్చి కూర్చున్నంత మాత్రాన కేసు పోదు.” ఆ ఆశ ఉంటే పిల్లలు మీకు నచ్చే సమాధానాలే చెబుతారు. మీకూ వినడానికి బాగుంటుంది. ఇద్దరికీ కాలం వృథా.

పేర్ల విషయం చాలామంది తేలికగా తీసుకుంటారు. పిల్లవాడి పేరు, ఊరు, బడి, ఫోటో, గుర్తుపట్టడానికి వీలైన ఏ వివరమైనా బయటపెట్టడం 74వ సెక్షన్ కింద నేరం. 6 నెలల వరకు జైలు, లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సంస్థ వాట్సాప్ గ్రూపులో పెట్టే గుంపు ఫోటో కూడా దీని కిందికే వస్తుంది. మొహాలు కనిపించకుండా వెనక నుంచి తీశామనేవాళ్లకు ఒక ప్రశ్న: అసలు తీయడమెందుకు?

చాప, పలక, గుండ్రంగా కూర్చోవడం

ఆరుగురు, ఎనిమిది మంది చాలు. కుర్చీలు తీసేసి చాపలు వేయండి. మీరూ చాప మీదే కూర్చోవాలి. వార్డెన్ తలుపు దగ్గర నిలబడి చూస్తుంటే ఎవరూ నోరు విప్పరు. ఆయన కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, లేకపోతే బయట ఉండమనండి.

మాట్లాడే వంతు చూపడానికి చేతులు మారే వస్తువు ఒకటి కావాలి. ఈ ప్రాంతంలో దానికోసం వెతుక్కోనక్కరలేదు, మార్కాపురం రాతి పలక ఉంది. పలక ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. మాట్లాడటం ఇష్టం లేకపోతే పక్కవాళ్లకు ఇచ్చేయవచ్చు, కారణం చెప్పనక్కరలేదు. పలకతో మరో సదుపాయం ఉంది. పిల్లలు రాసినదంతా చివర్లో వాళ్ల చేతే తుడిపించేయవచ్చు, కాగితం మిగలదు. చదువు మానేసిన పిల్లవాడు నోట్‌బుక్కును చూస్తే బిగుసుకుపోతాడు కానీ పలక మీద బొమ్మ గీయమంటే గీస్తాడు.

“గుండ్రంగా కూర్చుని మాట్లాడుకుంటే ఏమొస్తుంది?” అని సిబ్బందిలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వాళ్లకు దూబగుంటను గుర్తుచేయండి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో రాత్రి బడిలో అక్షరాలు దిద్దడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ ఇళ్లలో సారా చేస్తున్న నష్టం గురించి ఒకరి మాట ఒకరు విన్నారు. అక్కడ మొదలైన ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. కూర్చుని మాట్లాడుకోవడాన్ని తక్కువగా చూసే హక్కు ఈ జిల్లా వాళ్లకు ఉండకూడదు.

పిల్లలను పేరు పెట్టి పిలవండి. “ఏరా దొంగా” అనే వేళాకోళం సిబ్బంది నోట వచ్చినా అక్కడే ఆపండి.

మొదటి పాఠం: కోపానికి వెనక ఉన్నవి

“అప్పుడు నీకేమనిపించింది?” అని అడిగితే వచ్చే జవాబులు రెండే. “కోపం వచ్చింది సార్”, లేదా “ఏం లేదు సార్”. అందుకని ముందుగా కొన్ని మాటలు వాళ్ల ముందు పెట్టాలి: అవమానం, ఉక్రోషం, రోషం, బెంగ, భయం, అసూయ, సిగ్గు, విసుగు. ఒక్కో మాటకు ఒక్కో సందర్భం అడగండి. “అందరి ముందూ నాన్న కొడితే ఏమంటారు దాన్ని?” “స్నేహితుడికి బండి కొనిపెట్టారు, నీకు లేదు. అప్పుడు?” ఈ ఆట సాగుతున్నకొద్దీ పిల్లలే సరిదిద్దుకుంటారు: “అది కోపం కాదు సార్, చిన్నబోవడం.” ఆ స్థాయికి వచ్చాక రెండో పాఠానికి వెళ్లండి. తొందర వద్దు.

రెండో పాఠం: “జరిగింది” అనకుండా చెప్పడం

గొడవ అయింది. దెబ్బ తగిలింది. బండి పోయింది. ఫోను మా దగ్గరికి వచ్చింది. పిల్లల వాక్యాల్లో మనిషి కనబడడు. ఇది వాళ్లు కనిపెట్టిన విద్య కాదు. మన ఇళ్లలో గ్లాసు పగిలినా “పగిలింది” అంటాం తప్ప ఎవరం “పగలగొట్టాను” అంటాం?

కల్పించిన కథతో మొదలుపెట్టండి. పది వాక్యాల కథ చెప్పి, ప్రతి వాక్యాన్నీ “నేను” తో మొదలయ్యేలా తిరిగి చెప్పమనండి. “నేను రాయి తీశాను. నేను విసిరాను. అది అతని కంటి దగ్గర తగిలింది. నేను పరుగెత్తాను.” పక్కన కూర్చున్నవాళ్లు వింటూ, “నేను” తప్పిపోయినచోట చేయి ఎత్తాలి. నవ్వులాటగా మొదలవుతుంది, నాలుగో వాక్యానికి వచ్చేసరికి నవ్వు తగ్గిపోతుంది.

“ఎందుకు చేశావు?” అని మాత్రం అడగకండి. పోలీసులు, ఇంట్లోవాళ్లు, బడిలోవాళ్లు అందరూ అడిగిన ప్రశ్నే అది. దానికి సాకు సిద్ధంగా ఉంటుంది: “వాళ్లు రమ్మంటే వెళ్లాను.” దానికి బదులు ఈ వరసలో అడగండి. ఏం జరిగింది? ఆ సమయంలో నీ మనసులో ఏముంది? ఆ తర్వాత ఏమనుకున్నావు? దీనివల్ల ఎవరెవరికి ఏమయింది? సరిదిద్దాలంటే ఏం కావాలి? ఈ ప్రశ్నలు మీకు కంఠతా రావాలి, కాగితం చూసి అడిగితే విచారణలాగే ఉంటుంది.

మూడో పాఠం: రొయ్యల గుంట

దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. అసలు పాఠం ఇదే. ఉదాహరణ పిల్లలకు తెలిసిన లోకంలోంచి రావాలి. ఇందుకూరుపేట, విడవలూరు వైపు పిల్లలకు రొయ్యల గుంటలు తెలుసు కాబట్టి ఈ కల్పిత కథ వాళ్లకు పనికివస్తుంది. మార్కాపురం వైపు పిల్లలైతే బోరు మోటారు కేబులు, మిరపతోట అని మార్చుకోండి.

ఇద్దరు కుర్రాళ్లు చీకటి పడుతుండగా ఒక గుంట గట్టు మీద రాగి కేబులు కోశారు. పైపొర కాల్చి రాగి తీసి తుక్కు కొట్టులో అమ్మారు. చేతికి రెండు వేలు వచ్చాయి. బిర్యానీ తిన్నారు, ఫోన్లకు రీఛార్జ్ చేయించుకున్నారు. కథ ఇక్కడ ఆపి, “నష్టం ఎంత?” అని అడగండి. “కేబులు ఖరీదు సార్, పది పదిహేను వేలు” అంటారు.

ఇప్పుడు ఆ రాత్రిలోకి తీసుకెళ్లండి. కాపలా ఉన్న మనిషి స్విచ్ వేశాడు, గుంట నీళ్లను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరగలేదు. టార్చి వేసి గట్టంతా నడిస్తే కేబులు లేదు. రైతుకు ఫోను చేశాడు. రాత్రి పదకొండు, కొట్లు మూసేశారు. రైతు పక్క గుంట వాళ్లను లేపి కేబులు అడిగాడు. రాత్రంతా నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. ఏరియేటర్లు పెట్టేది అందుకే. మూడు గంటల వేళ రొయ్యలు గట్టు వెంబడి పైకి తేలడం మొదలయింది. మిగిలినవైనా దక్కాలని రైతు ఉదయమే రొయ్యలు పట్టించి వచ్చిన ధరకు అమ్మేశాడు. మూడు నెలల పంట. గుంట కౌలుది, మేత అప్పు మీద తెచ్చింది.

ఇక్కడ పలక తిప్పండి. ఒక్కొక్కరు ఒక్కొక్క పేరు చేర్చాలి, దెబ్బ ఎవరిదాకా పోయిందో. రైతు, రైతు భార్య, ఆ ఏడు ఫీజు కట్టవలసిన కూతురు, మేత కొట్టు అతను. పిల్లలు ఇంతదాకా తేలికగానే వస్తారు. కాపలా మనిషి దగ్గర ఆగిపోతారు. ఆగితే మీరే చెప్పండి: “కేబులు ఎవరు తీశారో దొరికేలోపు ఊళ్లో అందరూ ఎవరిని అనుమానించి ఉంటారు?” కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ నిశ్శబ్దాన్ని మీ మాటలతో నింపకండి. తను చేయని దొంగతనానికి మాట పడటమంటే ఏమిటో హోములో ఉన్న ప్రతి పిల్లవాడికీ తెలుసు. రైతు మీద జాలి పుట్టనివాడికి కూడా కాపలా మనిషి కష్టం అర్థమవుతుంది.

ఒకరు తప్పకుండా, “రొయ్యలు చస్తాయని వాళ్లకు తెలియదు కదా సార్” అంటారు. వాదించకండి. “నిజమే, తెలియదు. తెలియకపోతే రొయ్యలు బతికాయా?” అని అడిగి వదిలేయండి. ఉద్దేశం వేరు, ఫలితం వేరు అని ఉపన్యాసం ఇవ్వడం కంటే ఆ ఒక్క ప్రశ్న మేలు.

తర్వాత కథను తిరగేయండి: పోలీసులు పట్టుకున్న నాటి నుంచి ఆ ఇద్దరు కుర్రాళ్ల ఇళ్లలో ఏం జరిగి ఉంటుంది? అమ్మ పనికి వెళ్లిందా? చెల్లిని బడిలో ఏమన్నారు? పిల్లలు కన్నీళ్లు పెట్టుకునేది సాధారణంగా ఇక్కడే. కానీ సొంత ఇంటి కోసం ఏడవడం, ఎదుటివాడి నష్టాన్ని చూడటం రెండూ ఒకటి కావు. ఏడ్చాడు కదా, మారిపోయాడని రాసుకోకండి.

నాలుగో పాఠం: వినడం

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఒకరు రెండు నిమిషాలు చెబుతారు. రెండోవాడు సలహా ఇవ్వకుండా, “కానీ” అనకుండా విని, విన్నది తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పినవాడు “అవును, అదే” అంటే గెలిచినట్లు. ఆ తర్వాత కష్టమైనది: మీరు రొయ్యల రైతు పాత్ర వేసి కోపంగా మాట్లాడండి, పిల్లవాడు చాప మీంచి లేవకుండా, ఎదురు చెప్పకుండా, నేల చూపులు చూడకుండా వినాలి. బూతులు వద్దు, కోపం చాలు. నిజంగా బాధితుల ముందు కూర్చునే రోజు వస్తే ఈ సాధన ఒక్కటే పనికివస్తుంది.

బాధితులను కలపడం, పంచాయితీ చేయకుండా

1974లో కెనడాలోని ఎల్మిరా పట్టణంలో ఇద్దరు యువకులు ఒక్క రాత్రిలో 22 చోట్ల ఇళ్లు, వాహనాలు పాడుచేశారు. ప్రొబేషన్ అధికారి మార్క్ యాంట్జీ జడ్జిని ఒప్పించి, వాళ్లను నష్టపోయినవాళ్ల గుమ్మాల ముందుకు తీసుకెళ్లాడు. వాళ్లు ఎవరి నష్టం ఎంతో అడిగి తెలుసుకుని, తర్వాత చెల్లించారు. 1989లో న్యూజిలాండ్ ఏకంగా చట్టమే చేసి, అక్కడి మూలవాసులైన మావోరీల ఆచారం ఆధారంగా కుటుంబ సమావేశాలను పిల్లల కేసుల్లోకి తెచ్చింది.

ఇవి వినగానే మనవాళ్లు, “మా ఊళ్లో పెద్దమనుషులు చేసేది అదేగా” అంటారు. కాదు. పెద్దమనుషుల పంచాయితీలో పిల్లవాడు మూలన నిలబడతాడు, తండ్రి మాట్లాడతాడు, పెద్దాయన మొత్తం తేలుస్తాడు, తండ్రి అప్పు చేసి కడతాడు. నష్టపోయినవాడిని “పోనీలే, చిన్నపిల్లవాడు, సర్దుకో” అంటారు. బలం లేని కులంవాడైతే సర్దుకోమని అడగడం కూడా ఉండదు. పిల్లవాడు ఒక్క మాట మాట్లాడకుండా, నష్టపోయిన మనిషి ఏం కావాలో చెప్పకుండా తేలిపోయేది సరిదిద్దడం కాదు. అందుకని పిల్లవాడిని, బాధితులను ఎదురెదురుగా కూర్చోబెట్టే సమావేశానికి సర్పంచ్‌నో కులపెద్దనో పిలవకండి. పిల్లవాడి తరఫున ఒకరు, బాధితుల తరఫున వాళ్లు కోరుకున్న ఒకరు, మీరు, ప్రొబేషన్ అధికారి చాలు.

బాధితుల దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లండి, పిల్లవాడి బంధువులతో కాదు. “రానంటే మీకేమీ నష్టం లేదు, మళ్లీ అడగం” అని చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి. లైంగిక నేరాల్లో, కుల దౌర్జన్యం కేసుల్లో ఎదురెదురు సమావేశం జోలికి పోవద్దు. ఆ రంగంలో ప్రత్యేక శిక్షణ, దీర్ఘకాలం అండ లేకుండా చేస్తే బాధితులకు రెండోసారి దెబ్బ. బాధితులు రాకపోతే పాఠం ఆగదు. గతంలో ఇలాంటి నష్టం పొంది, మాట్లాడటానికి ఇష్టపడే మరో మనిషిని పిలవవచ్చు. కేబులు పోగొట్టుకున్న ఏ రైతైనా చాలు.

సరిదిద్దే ఒప్పందం

మంచి ఒప్పందం చిన్నది. ఏ పని, ఎప్పుడు, ఎంతకాలం, ఎవరు చూస్తారు, ఈ నాలుగూ ఉండాలి. “ఇకమీదట బుద్ధిగా ఉంటాను” అన్నది ఒప్పందం కాదు.

రెండు చోట్ల జాగ్రత్త. మొదటిది, గేదెను అమ్మి తండ్రి డబ్బు కట్టేస్తే పిల్లవాడు సరిదిద్దినట్లు కాదు. డబ్బు తప్పనిసరైతే దానితోపాటు పిల్లవాడు సొంతంగా చేసే పని ఒకటి ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. “మా గుంట మీద ఆరు నెలలు పనిచేసి తీర్చుకోమనండి” అని బాధితుడు అడగవచ్చు, తల్లిదండ్రులు సంతోషంగా ఒప్పుకోవచ్చు. మీరు ఒప్పుకోకండి. బాకీకి మనిషిని పనిలో పెట్టుకోవడం వెట్టి, 1976 నుంచి నిషేధం. కూలి చేసి కడతాడని చీమకుర్తి గ్రానైట్ క్వారీకి పంపడమూ కుదరదు. 18 ఏళ్లలోపు వాళ్లను గనుల పనిలో పెట్టకూడదు.

బోర్డు ఆమోదించే సమాజ సేవ 14 ఏళ్లు దాటిన పిల్లలకే. పార్కు బాగుచేయడం, వృద్ధులకు సాయం, ఆసుపత్రిలో చేయూత, ట్రాఫిక్ వాలంటీరు పని లాంటివి ఇందులోకి వస్తాయి. నష్టానికి దగ్గరగా ఉండే పని దొరికితే మంచిది. బండి తోలి మనిషిని గుద్దినవాడు ప్రభుత్వాసుపత్రి ఎముకల వార్డులో చక్రాల కుర్చీలు తోస్తే, రోడ్డు ఊడ్చినదానికంటే ఎక్కువ నేర్చుకుంటాడు. మెడలో పలక వేలాడదీసి, ఫోటో తీసి, పదిమందిలో ఊడిపించే సేవ శిక్షే అవుతుంది, దాన్ని ఒప్పుకోకండి.

ఇంటికి వెళ్లే ముందు

తల్లిని కూర్చోబెట్టండి. “మా వాడు మంచివాడే, స్నేహాలే చెడ్డవి” అంటుంది. ఖండించనక్కరలేదు. పిల్లవాడే రెండో పాఠంలో నేర్చుకున్నట్లు “నేను” తో మొదలుపెట్టి అమ్మకు చెప్పాలి. ఆ తర్వాత ఆమె కూడా తనకేమయిందో చెప్పాలి; చాలా ఇళ్లలో అది తిట్ల రూపంలో తప్ప ఎన్నడూ బయటికి వచ్చి ఉండదు. తండ్రి వస్తే మంచిదే, రాకపోతే మేనమామ వచ్చినా సరే. బడి వాళ్లు చేర్చుకోవడానికి వెనకాడితే 24వ సెక్షన్ చూపించండి: జువెనైల్ జస్టిస్ చట్టం కింద విచారణ ఎదుర్కొన్నాడన్న కారణంతో పిల్లవాడికి ఏ అనర్హతా రాకూడదు. 16 ఏళ్లు నిండి, పెద్దవాడిగా విచారణ జరిగి దోషిగా తేలినవాళ్లకు మాత్రం ఇది వర్తించదు.

పాఠం అంటుకుందా లేదా అన్నది చిన్న విషయాల్లో తెలుస్తుంది. బకెట్ దగ్గర, టీవీ రిమోట్ దగ్గర గొడవ వచ్చినప్పుడు వార్డెన్‌ను పిలవకుండా “రండి, కూర్చుందాం” అని ఒకరైనా అంటే అంటుకున్నట్లే. నాలుగు వారాలు దాటినా ఆ ఛాయలు లేకపోతే మూడో పాఠం మళ్లీ చెప్పండి, కథ మార్చి.

హోములో పిల్లలు నిలకడగా ఉండరు. బెయిలు మీద ఒకరు వెళతారు, కొత్తవాడు వస్తాడు. అందుకని ప్రతి పాఠం దానంతట అదే పూర్తయ్యేలా చెప్పండి, పోయిన వారం వచ్చినవాడి చేత కొత్తవాడికి నియమాలు చెప్పించండి. బయటికి వెళ్లినవాడు ప్రొబేషన్ అధికారి దగ్గరికి వచ్చే తేదీ తెలుసుకుని, అదే రోజు అదే చోట అరగంట కలవండి; ప్రత్యేకంగా రమ్మంటే బస్సు ఛార్జీల దగ్గరే ఆగిపోతుంది. నివేదికలో ఒప్పందంలో ఏముంది, ఎంత జరిగింది, ఎంత మిగిలింది అనేవే రాయండి. చాప మీద ఎవరేమన్నారో రాయకండి, బోర్డు అడిగినా “అది రాయబోమని ముందే పిల్లలకు మాట ఇచ్చాం” అని చెప్పండి. అలా చెప్పగలగాలంటే ఆ సంగతి మీరు మొదట ఇచ్చిన ఒక పేజీలోనే రాసి ఉండాలి.